మెదడులో డోపమైన్ అదుపు: తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో ఫార్మసీ విద్యార్థులకు పాఠం చెప్పడం నా వృత్తి. డోపమైన్ అధ్యాయం మొదలైన ప్రతి ఏడాదీ తరగతిలో అవే సందేహాలు లేస్తాయి. అవే సందేహాలను బంధువులు ఫోనులోనూ, వీధిలోని వారు మందుల చీటీ చేత్తో పట్టుకొని మా గడపలోనూ అడుగుతారు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పడం కంటే ఒకచోట రాసిపెట్టడం మేలనిపించి వీటిని కూర్చాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. మాత్రల గురించి ఇక్కడ రాసినది అవి ఎలా పనిచేస్తాయో తెలియడానికే. మోతాదు మార్చే పని చీటీ రాసిన డాక్టరుదే.

## మొదట అడిగేవి

డోపమైన్ అంటే సంతోషాన్ని ఇచ్చే హార్మోన్ అంటారు కదా, నిజమేనా?

చాలావరకు కాదు. మెదడులో డోపమైన్ ప్రధానంగా ఒక నాడీకణం మరో నాడీకణానికి పంపే రసాయన కబురు. పిట్యూటరీ గ్రంథి విషయంలో మాత్రమే అది రక్తం ద్వారా చేరి హార్మోన్‌లాగా పనిచేస్తుంది. ఇక సంతోషం సంగతి. డోపమైన్ కణాలను నాశనం చేసిన ఎలుకలు ఎదుట ఆహారం ఉన్నా దాని దగ్గరికి కదలవు, నోట్లో పెట్టకపోతే ఆకలితో చచ్చిపోతాయి. అయితే అదే ఎలుక నాలుక మీద తీపి నీళ్లు వేస్తే మామూలు ఎలుకలాగే చప్పరిస్తుంది. అంటే రుచి తెలియడం పోలేదు, దానికోసం లేచి వెళ్లాలన్న పూనిక పోయింది. కనుక డోపమైన్‌ను సుఖానికి కాక పూనికకు, నేర్చుకోవడానికి, కదలికకు ముడిపెట్టి అర్థం చేసుకోవడం సరైనది.

ఇంత పెద్ద మెదడుకు డోపమైన్ ఎక్కడి నుంచి వస్తుంది?

మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉంటే, మధ్యమెదడులో డోపమైన్ తయారుచేసేవి 4 నుంచి 6 లక్షలు మాత్రమే. వాటిలో కొన్ని సబ్‌స్టాన్షియా నైగ్రా అనే నల్లని పట్టీలో ఉండి కదలికను నడిపే స్ట్రయాటమ్‌కు తంతువులు పంపుతాయి. పక్కనే ఉన్న వెంట్రల్ టెగ్మెంటల్ ప్రాంతంలోనివి పూనికకు సంబంధించిన లోపలి భాగాలకు, ఆలోచనకు సంబంధించిన నుదుటి భాగానికి వెళ్తాయి. హైపోథాలమస్‌లోని చిన్న గుంపు పిట్యూటరీని అదుపు చేస్తుంది. కణాలు కొద్దే అయినా, మనిషిలో ఒక్కో కణం తంతువు కొమ్మలు కొమ్మలుగా చీలి పది లక్షలకు పైగా సంధులను ఏర్పరుస్తుందని అంచనా. ఒక్క కణం పోయినా అంత ఆయకట్టు ఎండిపోతుంది.

రక్తపరీక్ష చేయిస్తే నా డోపమైన్ ఎంత ఉందో తెలుస్తుందా?

తెలియదు. రక్తంలోని డోపమైన్ శరీరంలోని ఇతర భాగాల నుంచి వచ్చేది. అది మెదడులోకి వెళ్లదు, మెదడు పరిస్థితిని చెప్పదు. రక్తంలో, మూత్రంలో ఈ కుటుంబపు రసాయనాలను కొలిచేది ప్రధానంగా అడ్రినల్ వంటి చోట్ల వచ్చే కొన్ని అరుదైన గడ్డలను పట్టుకోవడానికి. మెదడులోని డోపమైన్ కణాల చివరలు ఎంతవరకు మిగిలి ఉన్నాయో చూడాలంటే ఎఫ్-డోపా పెట్ స్కాన్ గానీ ట్రోడాట్ స్పెక్ట్ స్కాన్ గానీ కావాలి. వాటికోసం మనవాళ్లు బెంగళూరుకో హైదరాబాదుకో బయలుదేరతారు. పార్కిన్సన్స్ వ్యాధిని, అంటే వణుకుడు రోగాన్ని, చాలామందిలో న్యూరాలజిస్టు చేతులు, నడక పరీక్షించి చూసే నిర్ధారిస్తారు కనుక స్కాన్ అందరికీ అవసరం లేదు.

అసలు డోపమైన్ ఎక్కువుంటే మంచిదా, తక్కువుంటే మంచిదా?

నన్ను అడిగితే ఈ ప్రశ్నే తప్పుదారి పట్టిస్తుంది. ఎంత ఉంది అన్నదాని కంటే ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు ఉంది అన్నదే ముఖ్యం. ఒకే మనిషిలో ఒకచోట ఎక్కువై మరోచోట తక్కువ కావచ్చు. స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బులో స్ట్రయాటమ్‌లో డోపమైన్ తయారీ, విడుదల పెరిగి ఉంటాయి, నుదుటి భాగంలో లోపం ఉన్నట్లు ఆధారాలున్నాయి. నుదుటి భాగంలో డోపమైన్ డీ1 గ్రాహకాల (కణం మీద డోపమైన్‌ను అందుకునే ప్రోటీన్లలో ఒక రకం) మీద చేసే పనికి ఒక గరిష్ఠ స్థానం ఉంటుందని, అటు తగ్గినా ఇటు పెరిగినా తక్షణ జ్ఞాపకశక్తి దెబ్బతింటుందని పట్రీషియా గోల్డ్‌మన్-రాకిక్ వంటి శాస్త్రజ్ఞులు కోతుల మీద చేసిన ప్రయోగాల్లో చూపించారు. చీనీ తోట ఉన్న రైతుకు ఇది వేరే చెప్పనక్కర్లేదు: నీళ్లు తక్కువైతే పిందె రాలుతుంది, ఎక్కువైతే వేరు కుళ్లుతుంది.

## తయారీ, నిల్వ

వేరుశనగలు, గుడ్లు, పాలు ఎక్కువగా తింటే డోపమైన్ పెరుగుతుందా?

మామూలుగా తిండి తినే మనిషిలో పెరగదు. డోపమైన్‌కు ముడిసరుకు టైరోసిన్ అనే అమైనో ఆమ్లం, అది మాంసకృత్తులలో ఉంటుంది. టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైమ్ దానిని ఎల్-డోపాగా మారుస్తుంది, మరో ఎంజైమ్ విటమిన్ బీ6 సాయంతో ఎల్-డోపాను డోపమైన్‌గా మారుస్తుంది. వీటిలో మొదటి ఎంజైమే అన్నిటికంటే నెమ్మది, కనుక మొత్తం తయారీ వేగం దాని చేతిలోనే ఉంది. దానికి అందాల్సిన టైరోసిన్ రోజూ తినే తిండితోనే దాదాపు నిండుగా అందుతూ ఉంటుంది. గానుగ పట్టేంతే పడుతుంది, వాకిట్లో వేరుశనగ మూటలు ఎన్ని పేర్చినా నూనె త్వరగా రాదు.

పైగా ఆ ఎంజైమ్‌కు సొంత కళ్లెం ఉంది. తయారైన డోపమైన్ పోగుపడితే అదే వెళ్లి ఎంజైమ్‌లోని ఇనుముకు అంటుకొని పనిని మందగిస్తుంది. కణం చురుగ్గా సంకేతాలు పంపుతున్నప్పుడు మాత్రం ఎంజైమ్ మీద ఒక నిర్దిష్ట స్థానంలో ఫాస్ఫేట్ చేరి ఆ పట్టు సడలుతుంది. ఖర్చయిన మేరకే తయారీ అన్నమాట.

అరటిపండులోనే డోపమైన్ ఉందట కదా? మా తోటలో కావలసినన్ని ఉన్నాయి.

ఉన్న మాట నిజం. పండులోనూ ఉంది, తొక్కలో ఇంకా ఎక్కువగా ఉంది. అయితే రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడను డోపమైన్ దాటలేదు. పులివెందుల అరటి ఎంత తిన్నా ఆ డోపమైన్ మెదడుకు చేరదు, పండు పండుగానే మంచిది.

దూలగొండి గింజల పొడి వణుకుడు రోగానికి పనిచేస్తుందని చెబుతున్నారు, మా అవ్వకు ఇవ్వమంటారా?

పనిచేసే పదార్థం అందులో ఉంది, అందుకే జాగ్రత్త కావాలి. మన కొండల్లోనూ కంచెల మీదా పాకే, కాయ తగిలితే ఒళ్లంతా దురద పుట్టించే దూలగొండి గింజలో సహజంగా ఎల్-డోపా ఉంటుంది. దానిని 1937లో మద్రాసు పరిశోధకులు దామోదరన్, రామస్వామి ఆ గింజల నుంచి వేరుచేశారు. డోపమైన్ దాటలేని అడ్డుగోడను ఎల్-డోపా దాటుతుంది, లోపలికి వెళ్లాక డోపమైన్‌గా మారుతుంది. డాక్టరు ఇచ్చే లెవోడోపా కూడా ఇదే పదార్థం. చిక్కు ఏమిటంటే చెంచా పొడిలో ఎంత ఉందో గింజను బట్టి మారిపోతుంది. పైగా మాత్రలో లెవోడోపాకు తోడుగా కార్బిడోపా ఉంటుంది. అది మెదడు బయట ఎల్-డోపా డోపమైన్‌గా మారకుండా అడ్డుకొని వాంతులను తగ్గిస్తుంది, మందును లోపలికి ఎక్కువగా చేరనిస్తుంది. పొడిలో ఆ తోడు లేదు. అవ్వ ఇప్పటికే మాత్రలు వాడుతుంటే పొడి కలిపితే రెండింతల మోతాదు పడి చేతులు కాళ్లు వాటంతటవే మెలికలు తిరగవచ్చు, రక్తపోటు పడిపోవచ్చు. న్యూరాలజిస్టుకు చెప్పకుండా ఇవ్వకండి.

తయారైన డోపమైన్ కణంలో ఎక్కడ ఉంటుంది?

చిన్న చిన్న తిత్తులలో ఉంటుంది. వీమ్యాట్2 అనే పంపు డోపమైన్‌ను తిత్తిలోకి తోడి నింపుతుంది. తిత్తిలోకి చేరనిది కణద్రవంలోనే ఆక్సీకరణ చెంది కణానికే హాని చేస్తుంది లేదా మావో అనే ఎంజైమ్ చేతిలో విరిగిపోతుంది. అందుచేత తిత్తి ఒక గిడ్డంగి మాత్రమే కాదు, కణానికి రక్షణ కూడా.

దీని విలువ బయటపడిన కథ మన దేశపు మొక్కతో ముడిపడి ఉంది. సర్పగంధి వేరు నుంచి తీసిన రిసర్పిన్ రక్తపోటుకు మందుగా వాడుకలోకి వచ్చిన రోజుల్లో, స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ దానిని కుందేళ్లకు ఇచ్చి చూశారు. అవి చెవులు వేలాడేసి కదలకుండా పడిపోయాయి. రిసర్పిన్ తిత్తి పంపును మూసేయడంతో డోపమైన్ నిల్వ ఖాళీ అయింది. ఎల్-డోపా సూది వేయగానే కుందేళ్లు లేచి తిరిగాయి. ఇది 1957 నాటి మాట. ఈ దారిలో చేసిన పనికే కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది.

## విడుదల

డోపమైన్ ఎప్పుడూ వస్తూనే ఉంటుందా, ఏదైనా జరిగినప్పుడే వస్తుందా?

రెండూ జరుగుతాయి, రెండింటి పనీ వేరు. ఏమీ జరగని వేళ కూడా డోపమైన్ కణాలు సెకనుకు నాలుగైదు సార్లు సంకేతం పంపుతూ ఉంటాయి. దీనివల్ల చుట్టుపక్కల కణాల మధ్య డోపమైన్ ఒక సన్నని మట్టంలో నిలిచి ఉంటుంది. ఊహించని మంచి ఏదైనా ఎదురైతే అవే కణాలు సెకనుకు ఇరవై సార్ల దాకా వేగం అందుకొని, ఒక్క సెకను కూడా కాకముందే మళ్లీ తగ్గుతాయి. మొదటిది డ్రిప్ పైపు నుంచి బొట్టు బొట్టుగా పడే నీరు, రెండోది గేట్ వాల్వ్ ఒక్క తిప్పు తిప్పి మూసినప్పుడు వచ్చే ఉరవడి. కదలిక సాఫీగా సాగడానికి మొదటిది చాలావరకు సరిపోతుంది. కొత్త సంగతి నేర్చుకోవడానికి రెండోది కావాలి. బిగుసుకుపోయిన పార్కిన్సన్స్ రోగికి మాత్రతో డోపమైన్ మట్టం పెరిగితే కదలిక తిరిగి వస్తుంది గానీ, ఆ క్షణానికి తగిన ఉరవడిని మాత్ర అచ్చంగా తేలేదు.

బహుమతి చేతికి రాకముందే డోపమైన్ విడుదలవుతుందట, ఎందుకు?

డోపమైన్ కణాలు బహుమతిని కాక, అనుకున్నదానికీ జరిగినదానికీ ఉన్న తేడాను లెక్కిస్తాయి కాబట్టి. వుల్ఫ్రామ్ షుల్ట్జ్ కోతులకు పళ్లరసం ఇస్తూ చేసిన ప్రయోగాల్లో ఈ సంగతి తేలింది. ఆయన పీటర్ డయాన్, రీడ్ మాంటేగ్‌లతో కలిసి 1997లో దానికి లెక్క రూపం ఇచ్చారు.

మా వీధిలో మధ్యాహ్నం పీచుమిఠాయి అమ్మే అతను గంట కొట్టుకుంటూ వస్తాడు. పసిపిల్లకు మొదటి రోజు గంట అర్థం కాదు, నోట్లో పీచు కరిగినప్పుడే ఆ కణాలు ఉలిక్కిపడతాయి. నాలుగు రోజులు గడిచాక మిఠాయి తింటున్నప్పుడు కణాలు మామూలుగానే ఉంటాయి, గంట వినబడగానే ఉరవడి వస్తుంది. ఒకరోజు గంట మోగి, పిల్ల చిల్లర పట్టుకొని పరుగెత్తి, అతను అప్పటికే మలుపు తిరిగిపోతే, మిఠాయి అందాల్సిన క్షణంలో ఆ కణాలు ఉన్న కొద్దిపాటి సంకేతాలను కూడా ఆపేస్తాయి. ఆ నిశ్శబ్దం కూడా ఒక పాఠమే: గంటను ఇంతగా నమ్మకు అని.

ఎక్కువైపోతే ఆపేది ఎవరు?

మొదటి కాపలా కణం ఒంటి మీదే ఉంది. డోపమైన్ కణం తన సొంత పొర మీద డీ2 జాతి ఆటోరిసెప్టర్లను పెట్టుకుంటుంది. తాను వదిలిన డోపమైన్ తనకే తగిలితే అవి పొటాషియం ద్వారాలు తెరిపించి సంకేతాల వేగాన్ని తగ్గిస్తాయి, తంతువు చివరలో విడుదలను తగ్గిస్తాయి, తయారీ ఎంజైమ్‌ను నెమ్మదింపజేస్తాయి. ఒకే గ్రాహకం మూడుచోట్ల కళ్లెం పట్టుకుంటుంది.

బయటి కాపలా గాబా అనే అణచే రసాయనాన్ని వదిలే కణాలది. ఇవి డోపమైన్ కణాలను ఎప్పుడూ కొంత అణచి ఉంచుతాయి. ఆశించినది రాకపోతే లేటరల్ హాబెన్యులా అనే భాగం చురుకై, డోపమైన్ కణాల నోరు మూయిస్తుందని మత్సుమోతో, హికోసాకా అనే శాస్త్రజ్ఞులు 2007లో కోతుల్లో చూపారు; ఇది ప్రధానంగా గాబా కణాల ద్వారా జరుగుతుంది. నల్లమందు, హెరాయిన్ జాతి మత్తు పదార్థాలు డోపమైన్ కణాలను నేరుగా తట్టవు; ఈ గాబా కాపలాదారును నిద్రపుచ్చుతాయి. కాపలా లేని గేటు దానంతటదే తెరుచుకుంటుంది.

పార్కిన్సన్స్‌కు ట్రైహెక్సిఫెనిడిల్ ఇస్తారు, అది డోపమైన్ మందు కాదు కదా సార్?

కాదు, ఎసిటైల్‌కోలిన్ అనే మరో రసాయన కబురును అడ్డుకునే మందు. స్ట్రయాటమ్‌లో నూటికి ఒకటి రెండు కణాలు ఎసిటైల్‌కోలిన్ వదిలేవి ఉంటాయి. డోపమైన్ వాటిని డీ2 గ్రాహకాల ద్వారా అదుపులో ఉంచుతుంది, డోపమైన్ తగ్గితే అవి చెలరేగుతాయి. ఆ చెలరేగడాన్ని తగ్గించడమే ఈ మాత్ర పని, ముఖ్యంగా వణుకు మీద. వయసు మళ్లినవారిలో మతిమరుపు, నోరెండడం, మూత్రం బిగపట్టడం తెస్తుంది కనుక వారికి ఆచితూచి ఇస్తారు.

పరీక్షకు అక్కర్లేకపోయినా తెలుసుకోదగిన మాట ఒకటుంది. ఈ ఎసిటైల్‌కోలిన్ డోపమైన్ తంతువు చివరన ఉన్న నికోటినిక్ గ్రాహకాలను తాకి, పైనున్న కణం నుంచి సంకేతం రాకపోయినా డోపమైన్‌ను అక్కడికక్కడే విడుదల చేయించగలదు. విడుదల మీద పెత్తనం అంతా మధ్యమెదడుదే అనుకోవడం అందుకే పొరపాటు.

## అందుకోవడం

ఒకే డోపమైన్ ఒకచోట ఉసిగొల్పి ఇంకోచోట ఆపుతుందంటారు, ఎలా?

ఫలితం అందుకునే గ్రాహకాన్ని బట్టి ఉంటుంది. డోపమైన్ గ్రాహకాలు అయిదు. డీ1, డీ5 కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే లోపలి కబురును పెంచుతాయి. డీ2, డీ3, డీ4 దానిని తగ్గిస్తాయి. స్ట్రయాటమ్‌లో ఒక జాతి కణాల మీద డీ1 ఎక్కువ. అవి తలచిన కదలికకు దారి ఇస్తాయి. రెండో జాతి మీద డీ2 ఎక్కువ. అవి అక్కర్లేని కదలికను ఆపుతాయి. డోపమైన్ మొదటివాటిని లేపుతుంది, రెండోవాటిని జోకొడుతుంది, రెండూ కలిసి కదలికకు దారి సుగమం చేస్తాయి. డీ1 నుంచి వచ్చిన కబురు డార్ప్-32 అనే ప్రోటీన్ ద్వారా కణంలో చాలాసేపు నిలుస్తుందని చూపిన పాల్ గ్రీన్‌గార్డ్ కూడా 2000 నోబెల్‌ను పంచుకున్నారు.

గ్రాహకాలు తగ్గిపోతాయంటారు, అవి ఎక్కడికి పోతాయి?

లోపలికి పోతాయి. గ్రాహకానికి డోపమైన్ మరీ ఎక్కువగా తగిలితే దాని లోపలి తోక మీద ఫాస్ఫేట్లు చేరతాయి, అరెస్టిన్ అనే ప్రోటీన్ వచ్చి అంటుకుంటుంది, పొర ముడుచుకొని గ్రాహకాన్ని కణంలోకి లాగేస్తుంది. లోపల కొన్ని కడిగి తిరిగి పైకి పంపబడతాయి, కొన్ని విరిగిపోతాయి. దీనికి వ్యతిరేకమూ నిజమే: సంవత్సరాల తరబడి డీ2ను మందుతో మూసి ఉంచితే గ్రాహకాలు పెరిగి మరీ సున్నితమవుతాయి. అలాంటి మందులు దీర్ఘకాలం వాడినవారిలో పెదవులు చప్పరించినట్లు, నాలుక బయటికి తోసినట్లు ఆగని కదలికలు రావడానికి ఇది ఒక కారణమని భావిస్తున్నారు.

## తుడిచివేత

పని అయిపోయాక డోపమైన్ ఎటు పోతుంది?

ఎక్కువ భాగం వచ్చిన ఇంటికే పోతుంది. డ్యాట్ అనే ట్రాన్స్‌పోర్టర్ దానిని సోడియంతో పాటు కణంలోకి వెనక్కి లాగుతుంది, అక్కడ మళ్లీ తిత్తుల్లోకి చేరుతుంది. మిగిలినదానిని మావో, కామ్ట్ అనే రెండు ఎంజైములు విరిచి హోమోవానిలిక్ ఆమ్లంగా మారుస్తాయి, అది చివరికి మూత్రంలో వెళ్లిపోతుంది. నుదుటి భాగంలో మాత్రం డ్యాట్ చాలా తక్కువ. అక్కడ నోరడ్రినలిన్ అనే దగ్గరి రసాయనాన్ని మోసే ట్రాన్స్‌పోర్టరు, కామ్ట్ ఆ పని చేస్తాయి. కాబట్టి కామ్ట్ జన్యువులో వ్యక్తికీ వ్యక్తికీ ఉండే చిన్న తేడా స్ట్రయాటమ్ కంటే నుదుటి భాగంలోనే ఎక్కువగా తెలుస్తుంది. పార్కిన్సన్స్‌లో వాడే రాసజిలిన్ మావోలో ఒక రకమైన మావో-బీని, ఎంటకపోన్ కామ్ట్‌ను ఆపుతాయి. ఎంటకపోన్ వాడేవారి మూత్రం ఎర్రటి గోధుమరంగుకు తిరుగుతుంది, రక్తమనుకొని భయపడనక్కర్లేదు.

ఏడీహెచ్‌డీ (పిల్లలకు దృష్టి, నిలకడ కుదరని సమస్య) మాత్ర కూడా కొకైన్ లాగే పనిచేస్తుందని చదివాను. పిల్లవాడికి ఇవ్వాలంటే భయంగా ఉంది.

చదివినది సగం నిజం. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్, కొకైన్ రెండూ డ్యాట్‌ను మూస్తాయి. తేడా వేగంలో ఉంది. పొగగానో సూదిగానో తీసుకున్న కొకైన్ కొద్ది నిమిషాల్లో మెదడును ముంచెత్తుతుంది. నోటి ద్వారా వేసిన మాత్ర శిఖరానికి చేరడానికి గంటకు పైగా పడుతుంది. వ్యసనానికి బీజం వేసేది ఆ హఠాత్తు ఎగుడు. డాక్టరు చెప్పిన మోతాదులో మింగిన మాత్ర నుదుటి భాగంలో డోపమైన్‌ను, నోరడ్రినలిన్‌ను మెల్లగా పెంచి పిల్లవాడి దృష్టి నిలిచేలా చేస్తుంది. ఆకలి, నిద్ర, ఎత్తు, బరువు గమనిస్తూ ఉండాలి.

పత్తికి, మిరపకు మందులు కొట్టేవాళ్లకు వణుకుడు రోగం వస్తుందా?

కొట్టిన ప్రతివారికీ రాదు, కానీ కొన్ని మందులతో ముప్పు పెరుగుతుంది. అమెరికాలో మందులు పిచికారీ చేసేవారి మీద జరిగిన అధ్యయనంలో పారాక్వాట్ అనే కలుపుమందుకూ, రోటెనోన్ అనే పురుగుమందుకూ పార్కిన్సన్స్‌తో సంబంధం కనిపించింది.

విషం డోపమైన్ కణాన్నే ఎలా ఏరుకుంటుందో తెలిసింది మాత్రం మరో సంఘటనలో. 1982లో కాలిఫోర్నియాలో దొంగచాటుగా తయారైన నకిలీ హెరాయిన్ ఎక్కించుకున్న కొందరు యువకులు రోజుల వ్యవధిలో కొయ్యబారిపోయారు. అందులో కల్తీగా చేరిన ఎంపీటీపీ అనే పదార్థాన్ని మెదడులోని మావో-బీ ఎంజైమ్ విషంగా మార్చింది. ఆ విషం డోపమైన్ పోలికతో ఉండడం వల్ల డ్యాట్ దానిని తన సరుకే అనుకొని కణంలోకి మోసుకెళ్లింది. డోపమైన్‌ను తుడిచే రెండు ఏర్పాట్లే ఇక్కడ శత్రువుకు తలుపు తీశాయి. పొలంలో మాస్కు, చేతితొడుగులు, నిండు బట్టలు, గాలివాటం చూసుకొని కొట్టడం, వచ్చాక స్నానం అన్నవి చెప్పడానికి పాతవే. మా పల్లెలో తువ్వాలు మూతికి చుట్టుకోవడంతోనే జాగ్రత్త అయిపోతుంది, ఆ తువ్వాలుతోనే మధ్యాహ్నం సద్ది తిన్న మూతి తుడుచుకుంటారు.

## జబ్బు, మందులు

ఒక్కసారిగా చెయ్యి వణకడం మొదలైంది. రోగం అంత హఠాత్తుగా వస్తుందా?

పార్కిన్సన్స్ రోగం హఠాత్తుగా రాదు, బయటపడడమే ఆలస్యం. వణుకు, బిగుసుకుపోవడం కనబడే నాటికే స్ట్రయాటమ్‌లో డోపమైన్ సగానికి మించి పోయి ఉంటుంది. అన్నేళ్లూ మిగిలిన కణాలు ఒక్కొక్కటి ఎక్కువ తయారుచేసి, తుడిచివేత తగ్గి, గ్రాహకాలు సున్నితమై లోటును పూడుస్తూ వచ్చాయి. రోగుల మెదడులో డోపమైన్ లోపం ఉందని 1960లో వియన్నాలో హోర్నికీవిచ్ చూపారు, ఆ మరుసటి ఏడాదే లెవోడోపా సూది ప్రయోగం వెలువడింది.

మా నాయనకు మధ్యాహ్నం మాత్ర అసలు పనిచేయడం లేదు, పొద్దునది బాగానే పనిచేస్తుంది. ఎందుకు?

భోజనం ఒక కారణం కావచ్చు. పార్కిన్సన్స్‌కు వాడే లెవోడోపా కూడా ఒక అమైనో ఆమ్లమే. పేగులోనూ మెదడు అడ్డుగోడ దగ్గరా దానిని మోసే వాహకాలే మాంసకృత్తుల నుంచి వచ్చే అమైనో ఆమ్లాలనూ మోస్తాయి. సంగటిలోకి నాటుకోడి పులుసు తిని వెంటనే మాత్ర వేసుకుంటే బస్సు నిండిపోయినట్లే, మాత్రకు సీటు దొరకదు. సాధారణంగా భోజనానికి అరగంట ముందు గానీ గంట తర్వాత గానీ వేసుకోమంటారు. ఐరన్ మాత్ర కూడా లెవోడోపాను పట్టుకొని ఒంటికి పట్టనివ్వదు, రెండింటి మధ్య ఎడం ఉండాలి. ఇవన్నీ పాటించినా మందు పనితనం తొందరగా దిగిపోతుంటే డాక్టరును కలవండి. రక్తంలో లెవోడోపా గంట, గంటన్నరకే సగమైపోతుంది. మొదట్లో మిగిలిన కణాలు దానిని దాచుకొని నెమ్మదిగా వాడతాయి, కణాలు తగ్గే కొద్దీ ఆ దాపు పోతుంది. ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి: పనిచేయడం లేదని మాత్రలు ఒక్కసారిగా మానేస్తే తీవ్ర జ్వరం, బిగుతుతో ప్రాణం మీదికి రావచ్చు.

పార్కిన్సన్స్ మాత్ర మార్చినప్పటి నుంచి మా ఇంటి పెద్దాయన మట్కా, క్రికెట్ బెట్టింగ్ మానడం లేదు. వయసు మీద పడి బుద్ధి పోయిందంటున్నారు.

బుద్ధి కాదు, మాత్ర కావచ్చు. వెంటనే డాక్టరుకు చెప్పండి. ప్రమిపెక్సోల్, రోపినిరోల్ వంటి మందులు డోపమైన్‌ను తయారుచేయవు, గ్రాహకాన్ని తామే నొక్కుతాయి, ముఖ్యంగా డీ2, డీ3లను. మామూలుగా ఓడిపోయినప్పుడు డోపమైన్ సంకేతం క్షణంపాటు పడిపోయి చేసిన తప్పును గుర్తుచేస్తుంది. మందు గ్రాహకాన్ని వదలకుండా పట్టుకొని ఉంటే ఆ పడిపోవడం తెలియదు, ఓటమి నొప్పి పాఠం కాదు. జూదం, అతిగా కొనడం, కామవాంఛ, తిండి వెర్రి ఈ మందులతో వచ్చే సంగతి బాగా తెలిసిన దుష్ఫలితమే. మోతాదు తగ్గించినా మందు మార్చినా చాలామందిలో తగ్గుతుంది. ఇంట్లోవాళ్లు సిగ్గుతో దాచడమే ఎక్కువ నష్టం చేస్తోంది.

వాంతులకు సూది వేయించాక అమ్మాయికి మెడ ఒక పక్కకు తిరిగిపోయి, కళ్లు పైకి వెళ్లాయి. గాలి సోకిందంటున్నారు.

అది గాలి కాదు, మందు ప్రభావం. మెటోక్లోప్రమైడ్ వాంతుల కేంద్రంలో డీ2ను మూస్తుంది, మెదడులోకి కూడా వెళ్లి స్ట్రయాటమ్‌లోనూ మూస్తుంది. చిన్న వయసువారిలో ఒక్క మోతాదుకే కండరాలు ఇలా మెలిపడవచ్చు. ప్రోమెథజిన్ వంటి సూదితో సాధారణంగా నిమిషాల్లోనే సర్దుకుంటుంది. ఒకసారి బస్టాండు పక్కన ఇలాంటి అమ్మాయికి వేపమండలు కొడుతుండగా చూశాను, ఆస్పత్రి అక్కడికి అరకిలోమీటరు. మెలిక తెచ్చిన ఆ వాంతుల మందు పేరు కాగితం మీద రాసి పర్సులో ఉంచుకోండి, మళ్లీ ఎక్కడ చూపించుకున్నా ముందు అది చూపాలి.

మానసిక జబ్బుకు మాత్రలు వాడుతున్న మా చెల్లెలికి నెలసరి ఆగి, రొమ్ముల్లో పాలు వస్తున్నాయి. గర్భం కాదు.

గర్భం కాదని తేలితే మాత్రే కారణం అయ్యే అవకాశం ఎక్కువ. పాలు తయారుచేయించే ప్రొలాక్టిన్‌ను డోపమైన్ ఎప్పుడూ అణచి ఉంచుతుంది; రిస్పెరిడోన్ వంటి మందు పిట్యూటరీలోని డీ2ను మూయడంతో ఆ అణచివేత పోతుంది. ఈ జాతి మందులు సాధారణంగా స్ట్రయాటమ్‌లోని డీ2 గ్రాహకాల్లో నూటికి 65 నుంచి 80 వరకు మూసినప్పుడు పనిచేస్తాయి, 80 దాటితే గుణం పెరగక బిగుతు, వణుకు పెరుగుతాయి. మాత్ర తనంతట మానవద్దు. ప్రొలాక్టిన్ పరీక్ష రాయించుకొని మందు మార్చమని సైకియాట్రిస్టును అడగవచ్చు.

ఐసీయూలో మా మామకు డోపమైన్ ఎక్కించారు. మెదడుకు ఏమైనా అవుతుందా?

కాదు. పడిపోయిన రక్తపోటును నిలబెట్టడానికి సెలైన్‌తో ఇచ్చేది అదే రసాయనం అయినా మెదడు అడ్డుగోడను దాటదు. గుండె మీద, రక్తనాళాల మీద పనిచేస్తుంది, ఆపిన కొద్ది నిమిషాల్లో ప్రభావం పోతుంది.

## ఇంట్లో, ఊళ్లో

బీడీ, గుట్కా మానడం ఇంత కష్టం ఎందుకు?

నికోటిన్ డోపమైన్ కణాల మీద ఉన్న ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాలను నేరుగా తట్టి లేపుతుంది. బీడీ పొగలో నికోటిన్ కొద్ది సెకన్లలో మెదడుకు చేరుతుంది కనుక ప్రతి దమ్ముకూ ఒక చిన్న ఉరవడి. పైగా పొగలోని మరికొన్ని పదార్థాలు మావోను ఆపుతాయి. పొగతాగేవారి మెదడులో మావో-బీ సుమారు 40 శాతం తక్కువగా ఉన్నట్లు 1996లో వెలువడిన అధ్యయనం చూపింది. అంటే విడుదలా పెరుగుతుంది, తుడిచివేతా తగ్గుతుంది. గుట్కాలో పొగ లేదు గానీ సున్నం క్షారగుణం వల్ల నికోటిన్ బుగ్గ లోపలి నుంచి త్వరగా ఎక్కుతుంది. మానాలనుకున్నవారికి నికోటిన్ గమ్, ప్యాచ్, వరెనిక్లిన్ వంటి సాయాలున్నాయి. మనోబలం ఒక్కటే చాలదని ఒప్పుకోవడంలో చిన్నతనం లేదు.

డోపమైన్ డిటాక్స్ అని వారం రోజులు ఫోన్ పక్కన పెడితే డోపమైన్ కడిగినట్లు అవుతుందా?

డోపమైన్ మురికి కాదు, కడగడానికి. ఫోన్ పక్కన పెడితే దాని మట్టం ఖాళీ కాదు, ఖాళీ అయితే మీరు మంచం మీద నుంచి లేవలేరు. ఫోన్ తగ్గించడం వల్ల మేలు ఉంది, కారణం వేరు. వేలు జరిపితే తర్వాతి వీడియో బాగుంటుందో లేదో తెలియదు. ఫలితం సగం సగం అనిశ్చితంగా ఉన్నప్పుడు కోతుల డోపమైన్ కణాలు ఎదురుచూపంతా చురుగ్గా ఉన్నట్లు 2003 నాటి ప్రయోగం చూపింది. ఆ ఎదురుచూపును తెంచడం అలవాటును తెంచడమే. ఇక రాత్రి రెండింటి వరకు మేలుకుంటే వచ్చే నష్టం విడిగా ఉంది: ఒక్క రాత్రి నిద్ర లేకపోయినా స్ట్రయాటమ్‌లో డోపమైన్‌కు అందుబాటులో ఉండే డీ2 జాతి గ్రాహకాలు తగ్గినట్లు పెట్ స్కాన్లలో కనిపించింది.

రాత్రి పడుకోగానే కాళ్లు లాగుతాయి, కదిపితేనే నెమ్మది. నొప్పి మాత్రలు పనిచేయడం లేదు. దీనికీ డోపమైన్‌కూ సంబంధం ఉందా?

ఉండవచ్చు. పడుకున్నప్పుడు, ముఖ్యంగా సాయంత్రం తర్వాత, కాళ్లలో ఏదో పాకినట్లుండి కదిపితే తగ్గడం రెస్ట్‌లెస్ లెగ్స్ అనే స్థితి లక్షణం. డోపమైన్ తయారీలో మొదటి ఎంజైమ్‌కు ఇనుము తప్పనిసరి, ఈ స్థితిలో మెదడులో ఇనుము తక్కువగా ఉన్నట్లు ఆధారాలున్నాయి. కాబట్టి మొదట హిమోగ్లోబిన్‌తో పాటు ఒంట్లో ఇనుము నిల్వను చెప్పే ఫెరిటిన్ పరీక్ష కూడా రాయించుకోండి. హిమోగ్లోబిన్ బాగానే ఉండి ఫెరిటిన్ తక్కువగా ఉన్నవారూ ఉంటారు. ఇనుము పూడ్చుకుంటే కొందరిలో ఇది తగ్గుతుంది. డోపమైన్ గ్రాహకాలను నొక్కే మాత్రలు మొదట్లో బాగా పనిచేసినా, సంవత్సరాలు గడిచాక లక్షణాలు సాయంత్రం కంటే ముందే, మధ్యాహ్నానికే మొదలయ్యేలా చేసే ప్రమాదం ఉండడం వల్ల ఇప్పుడు వాటిని మొదటి ఎంపికగా రాయడం తగ్గింది. వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్, కొన్ని జలుబు మాత్రలు దీనిని పెంచుతాయి కనుక మీరు వేసుకుంటున్న మాత్రల అట్టలన్నీ వెంట తీసుకెళ్లండి.